బామ్మర్ది ఇచ్చిన నల్ల స్పాంజి

ఈ పొద్దున పళ్లు తోముకుంటూ హాల్లోకి వచ్చేసరికి మా అమ్మ అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకుని చేపల తొట్టిలోకి చూస్తూ కూర్చుంది. "ఒకటి తక్కువున్నది కొడుకా," అంది, నా మొహం వైపు చూడకుండానే. అమ్మ లెక్క తప్పదు. పెన్‌పహాడ్ దిక్కు గొర్ల మందలో పుట్టి పెరిగిన మనిషి. కదిలే ప్రాణి ఏదైనా సరే, లెక్కపెట్టనిదే ఆమెకు చాయ్ దిగదు. వంగి చూశాను. మోటరు పక్కన రాయికి ఆనుకుని పెద్ద ఏంజెల్ చేప ఒరిగి ఉంది. దాని నల్లచారలు వెలిసిపోయి చాలా రోజులైంది. చేపలు తీసే చిన్న వలతో మెల్లగా పైకి తీశాను. ఆ తర్వాత జరిగింది దాచకుండా చెప్పాలి. నా ఎడమ చేయి నన్నడగకుండానే తలుపు వెనకున్న ఎర్ర టబ్బు వైపు పోయింది. టబ్బు అంచు వేళ్లకు తగిలాక గానీ నాకు తెలియలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడ చూస్తోంది. టబ్బు వదిలేశాను. ఆ టబ్బు పట్టుకుని నేను ఎన్ని చేపల ప్రాణాలు తీశానో మా అమ్మ లెక్క చెప్పగలదు. చేపలు కాక ఇంకేం తీశానో, ఆ లెక్క మాత్రం నేనే చెప్పుకోవాలి.

ఇది నాలుగేళ్ల కింద మొదలైంది. అప్పటికి నేను సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. నేను కోపిష్టిని కానని నా అభిప్రాయం. మా ఇంట్లో ఆ అభిప్రాయం నాకొక్కడికే ఉండేది. ఒకసారి తలనొప్పని దవాఖానకు పోతే డాక్టరు బీపీ చూసి, మళ్లీ చూసి, మిషన్ మార్చి ఇంకోసారి చూసి, "మాత్రలు రాస్త సార్. దాంతోపాటు ఇంట్ల రంగు చేపలు పెట్టుకోండ్రి. పొద్దుగాల అర్ధగంట వాటిని సూస్కుంట కూసుంటే పానం నిమ్మలమైతది," అన్నాడు. నా సంగతి తెలియక చెప్పిన మాట అది. ఊరికే చూస్తూ కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. చూసినదాన్నల్లా సరిచేయాలి. ఎవరి పెళ్లికి పోయినా వంటవాళ్ల చేతిలో గరిటె తీసుకుని ఉప్పు చూసే రకం నేను. బస్సెక్కితే డ్రైవరుకు గేర్లు చెబుతాను. అలాంటివాడి చేతికి నీళ్లూ, అద్దాలూ, మాట్లాడలేని ప్రాణులూ అప్పగించడం ఏ వైద్యశాస్త్రంలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆవిడది కోదాడ. ఆమె తమ్ముడు, అంటే మా బామ్మర్ది, అక్కడ బస్టాండు రోడ్డులో ఒక చిన్న షట్టరు మడిగె కిరాయికి తీసుకుని రంగు చేపలూ, తొట్లూ అమ్ముతాడు. డిగ్రీ చదివి చేపలమ్ముకోవడమేమిటని నలుగురిలో మొట్టమొదట అన్నది నేనే. అయినా మనసులో పెట్టుకునే మనిషి కాదు. అక్క ఫోన్లో డాక్టరు మాట చెప్పిందో లేదో, ఆ ఆదివారమే నాలుగడుగుల అద్దాల తొట్టిని రెండు బొంతల్లో చుట్టి, ట్రాలీ ఆటో వెనక తనే కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకుని, కోదాడ నుంచి సూర్యాపేట దాకా హైవే దుమ్మంతా మింగుతూ తెచ్చాడు. కిందికి దిగినప్పుడు కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. మా అమ్మ వాణ్ణి చూసి, "పిండిగిర్నీల పడ్డవా బిడ్డా?" అని నవ్వింది. పూటంతా కూర్చుని అన్నీ అమర్చాడు. రాళ్లు కడిగి పరిచాడు, నీళ్లు నింపాడు, గాలి మోటరు పెట్టాడు, ఒక బల్బు వేలాడదీశాడు. చివర్న సంచిలోంచి ఒక కవరు తీశాడు. అందులో జిగట పట్టిన నల్లటి స్పాంజి ఉంది. కొత్త స్పాంజి ప్యాకెట్టులో తళతళలాడుతుంటే దాన్ని పక్కన పెట్టి, ఈ నల్లదాన్ని ఫిల్టరులో బిగించాడు.

"ఇదేందిరా, ఎంగిలిగిన్నెలు తోమిన పీసు లెక్కున్నది?" అన్నాను.

"నా షాపులో రెండేళ్లుగా నడుస్తున్న స్పాంజి బావా. పెరుగుకి తోడు వేస్తాం చూడండి, ఇది నీళ్లకి తోడు. దీన్ని కడగొద్దు. నీళ్లు ఊరాలి. నెలన్నర దాకా తొట్టిలో చెయ్యి పెట్టకండి. మురికిగా కనపడినా సరే."

నేను తలూపాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నాకు ఇతను చెబుతున్నాడు అన్నట్టు ఊపిన తల అది. మొదట పది చేపలే వేశాడు. మోలీలు, గౌరామిలు, ఒక జత ఏంజెల్ చేపలు. "మిగిలినవి తర్వాత తెస్తా బావా, ఒక్కసారే వద్దు," అని అన్నం తిని పోయాడు. వాడి ఆటో గల్లీ మలుపు తిరిగిందో లేదో, నేను ఆ స్పాంజి ఊడదీసి పెరట్లో నల్లా కింద పెట్టి అంట్లు తోమే సబ్బుతో తెల్లగా అయ్యేదాకా పిండాను. ఎంత నల్లనీళ్లు పోయాయో చెప్పలేను. పిండుతున్నంతసేపూ మనసులో ఒకటే మాట. సొంత అక్క ఇంటికి వాడిన సామాను అంటగట్టాడు, కొత్తది చూపించి పాతది బిగించాడు. మా ఆవిడ, "వాడు వద్దన్నాడు కదండీ," అంది. "వాడికేం తెలుసు," అన్నాను.

ఐదో రోజున రెండు మోలీలు చచ్చాయి. మిగిలినవి నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాకు బీపీ పెరిగింది. అమ్మ కుర్చీలోంచి తీర్పు చెప్పింది. "మందల ఒకటి సస్తే దొడ్డి మార్సెటోళ్లం కొడుకా. ఆ పెంట మీన మళ్ల కట్టెయ్యకపోదుము. ఎత్తిపోసి, ఊడ్సి, సున్నం జల్లి, మిగిలినయిటిని కొత్త జాగల పండవెట్టెటోళ్లం. సావు తగిలిన నీళ్లల్ల వీటిని ఉంచుతవా?" చావు జరిగిన ఇల్లు కడుక్కోకుండా ఎవరైనా ఉంటారా అని కూడా అడిగింది. ఆమె మాటలో తప్పులేదు. గొర్ల విషయంలో అది అక్షరాలా నిజం. ఆ పద్ధతి వల్లనే మా తాత మంద గాలికుంటు రోగాలు దాటి నిలిచింది. నేను సైన్సు చదివినవాణ్ణి కాబట్టి దాన్ని ఇంకా పకడ్బందీగా అమలు చేశాను. చేపలను బకెట్లో వేసి, రాళ్లన్నీ ఎర్ర టబ్బులోకి ఎత్తి, డాబా మీద ఎండబెట్టి, స్పాంజిని మరుగుతున్న నీళ్లలో వేసి, అద్దాలను ఉప్పుతో తోమి, అంతా కొత్త నీళ్లు నింపాను. అమ్మ చిటికెడు పసుపు వేస్తానంటే దానికి మాత్రం ఒప్పుకోలేదు. మధ్యాహ్నానికి తొట్టి గాజు గ్లాసులా మెరిసింది. ఆ మెరుపు చూసి నాకు కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు. నాలుగో రోజున ఇంకో రెండు చచ్చాయి.

ఇక నా పరేషాన్ ఎట్లా సాగిందో వివరంగా చెబితే మీకూ బీపీ వస్తుంది. ముందు బోరు నీళ్లను అనుమానించాను. క్యాన్ల నీళ్లు తెప్పించి పోశాను. మేము బోరు నీళ్లు తాగాము, చేపలు మినరల్ వాటరులో చచ్చాయి. తర్వాత అగరుబత్తి పొగ అన్నాను. మా ఆవిడ దేవుడికి దీపంతోనే సరిపెట్టింది. తర్వాత దోమల మందు అన్నాను. వారం రోజులు ఇంటిల్లిపాదీ దోమలతో కుట్టించుకున్నాం. దోమలు బాగా బతికాయి. కరెంటు పోయినప్పుడు మోటరు ఆగుతుందని ఇన్వర్టరుకు కలిపాను. పక్కింటివాళ్లు టైల్స్ కోయిస్తుంటే ఆ చప్పుడుకు గుండె ఆగిందేమోనని పోయి వాళ్లతో తగువు పెట్టుకున్నాను. "చేపలకు గుండె ఆగుతదా సార్?" అని ఆ మేస్త్రీ అడిగిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒక నోటుపుస్తకం పెట్టి, చావు తేదీ, చేప రకం, ఆ రోజు వాతావరణం, వేసిన మేత, ఇంటికొచ్చినవాళ్లు, అన్నీ గీతలు కొట్టి రాశాను. ఒక్కటే రాయలేదు. ప్రతి చావుకూ మూడు నాలుగు రోజుల ముందు నేను తొట్టి కడిగానన్నది ఎక్కడా రాయలేదు. కడగడం నా దృష్టిలో మందు. మందును రోగకారణాల వరసలో ఎవరు రాస్తారు?

బామ్మర్ది తప్పుకోలేదు. చచ్చినప్పుడల్లా కోదాడ నుంచి కవర్లో రెండు మూడు చేపలు తెచ్చి వేసి పోయేవాడు. ఎప్పుడూ పైసా అడగలేదు. ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"కడిగారా బావా?"

"కడగక? చచ్చినదాన్ల వదిలెయ్యమంటవా?"

"వద్దని చెప్పాను కదా."

"నువ్వు పాత సామాను పెట్టకపోతే కడిగే అవసరమేముండె?"

అక్కడితో వాడు ఆగిపోయేవాడు. "మీ ఇష్టం బావా," అనేవాడు. మా దగ్గర బావకు బామ్మర్దిని ఎంతైనా అనే హక్కుంది. దాన్ని పరాచికం అంటాం. బామ్మర్ది నవ్వాలి. నవ్వకపోతే తప్పు వాడిదే అవుతుంది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ నాలాంటివాళ్ల కోసమే చేసినట్టున్నారు.

ఆ ఎండాకాలమే మిర్యాలగూడలో మా ఆవిడ పిన్నమ్మ కూతురు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. బస్సులో మా ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది. మిర్యాలగూడ మెయిన్ రోడ్డు మీద బియ్యం మిల్లాయన ఒకాయనకు మంచి మడిగె ఉంది. ఆయన మా బామ్మర్దితో పొత్తు కలిసి అక్కడ చేపల షాపు పెట్టాలనుకుంటున్నాడు. మడిగె ఆయనది, పని మా బామ్మర్దిది. ఈ రోజు భోజనాలయ్యాక మాట ఖాయం చేసుకుంటారు. "మీరు లెక్చరరు. మీ మాటకు విలువుంటుంది. మావాడు నిజాయితీపరుడని ఒక్క మాట అనండి చాలు. ఈ షాపు నిలబడితే వాడికి పిల్లనివ్వడానికి కూడా ఎవరైనా ముందుకొస్తారు," అంది. సరేనన్నాను. నిజంగానే అందామనుకున్నాను.

ఆ పొద్దునే ఇంట్లో మూడు చేపలు చచ్చి ఉన్నాయి. వాటిని వలతో తీసి, చెయ్యి కడుక్కుని బస్సెక్కాను. అది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. షామియానా కింద పళ్లెం పట్టుకుని నిలబడ్డప్పుడు ఎవరో నా చేపల సంగతి అడిగారు. ఆరేడుగురు చుట్టూ చేరారు. వాళ్లలో మిల్లాయన కూడా ఉన్నాడు, తెల్లచొక్కా వేసుకుని. బామ్మర్ది పప్పుచారు బకెట్టు పట్టుకుని వడ్డిస్తూ అటే వచ్చాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. "మావోని దగ్గర చేప కొనేటోళ్లకు ఒక సలహా," అన్నాను. "చేపతోపాటు దినాల సామాను గూడ అప్పుడే కొనుక్కోండ్రి. మళ్ల మళ్ల బజారుకు పోయే పనుండది." అందరూ నవ్వారు. నవ్వు వినపడేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది. "ఇంకో ముచ్చట. సొంత అక్క ఇంటికి కొత్త ఫిల్టరు సూపెట్టి పాతది బిగించిండు. ఇగ బయటోళ్లకు ఏం బిగిస్తడో ఆలోచించుకోండ్రి." అందరికంటే గట్టిగా నవ్వింది మిల్లాయనే. బామ్మర్ది కూడా నవ్వాడు, నవ్వాలి కదా. నా పళ్లెంలో ఇంకో గరిటెడు పప్పుచారు పోసి, "బావగారు కదా, అంటారు," అని పక్క వరుసకు పోయాడు.

అప్పటిదాకా వాడు నన్ను 'బావా' అనేవాడు. 'బావగారు' అనడం ఆ మధ్యాహ్నమే మొదలైంది. ఆ సంగతి నేను చాలా రోజులు గమనించలేదు. మా ఆవిడ అక్కడికక్కడే గమనించింది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నేను పరాచికమన్నాను. దానికి పట్టింపేమిటన్నాను. నెల తిరక్కముందే ఆ మడిగెలో సెల్‌ఫోన్ కవర్లమ్మే షాపు తెరిచారని తెలిసింది. బామ్మర్ది ఫోన్ చేయలేదు. చేపలు తేవడం కూడా మానేశాడు. రాఖీకి మా ఆవిడ ఒక్కతే కోదాడ పోయి కట్టి వచ్చింది. వాడేమన్నాడని అడిగితే, "మిమ్మల్నయితే ఏమీ అనలేదు," అంది. తిట్టాడంటే ఎంత బాగుండేదో! సమాధానం చెప్పుకునేవాణ్ణి. సమాధానం చెప్పే వీలు లేకుండా పోయాక నాకు మిగిలింది తొట్టి ఒక్కటే. కసిగా కడిగాను.

అట్లా కడుగుతూనే ఒకరోజు ఎర్ర టబ్బు నిండా తడిరాళ్లు ఎత్తుకుని హాల్లో జారిపడ్డాను. రాళ్లు నా మీద, నేను ఎడమ మణికట్టు మీద. అమ్మ కుర్చీలోంచి లేవకుండా, "చేపలు భద్రమేనా?" అని అడిగింది. నన్ను దవాఖానకు తీసుకుపోతుంటే మా ఆవిడ చేతికందిన రాళ్లను కడగకుండానే తొట్టిలో వేసి, మిగిలిన నాలుగు చేపలను బకెట్లోంచి అందులోకి వదిలింది. నలభై రోజుల పట్టీ వేశారు. బరువెత్తొద్దన్నారు.

ఆ నలభై రోజుల్లో దివాను మీద పడుకుని నేను చూసిన దృశ్యం చెబుతాను. తొట్టి పాడైపోయింది. అద్దాలకు గోధుమరంగు పొర పట్టింది. రాళ్లు జిగటబారాయి. స్పాంజి నల్లబడింది. మా ఆవిడ రోజుకోసారి చిటికెడు మేత వేసేది. కరివేపాకు చెట్టుకని అప్పుడప్పుడు రెండు చెంబులు తొట్టి నీళ్లు ముంచుకుపోయి, రెండు చెంబులు బోరు నీళ్లు పోసేది. అంతకుమించి ఎవరూ వేలు పెట్టలేదు. చేపలు చస్తాయని నేను రోజూ ఎదురు చూశాను. చస్తే, "చూశావా, కడగకపోతే ఏమైందో," అని అనడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. వారమైంది, చావలేదు. మూడు వారాలైంది, చావలేదు. పైగా మిగిలిన ఏంజెల్ చేప ఒళ్లు చేసింది. అద్దం దగ్గరకొచ్చి, ఆ మురికి మధ్యనుంచి నన్ను చూస్తూ మెల్లగా రెక్కలాడించేది. నేను దాన్ని బతికించడానికి పడ్డ పాట్లన్నీ దానికి తెలిసినట్టు, తెలిసి కావాలని బతుకుతున్నట్టు అనిపించి ఒళ్లు మండేది. అమ్మ రోజూ పొద్దున, "నాలుగు," అని ప్రకటించేది. ఆ మాట వినలేక దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి.

చేయి మెడకు వేలాడేసుకునే కాలేజీకి పోవడం మొదలుపెట్టాను. సెకండియర్ పిల్లలకు ఖనిజ పోషణ పాఠం నడుస్తోంది. నత్రజని చక్రం. ఇరవై ఏళ్లుగా పుస్తకం చూడకుండా గీసే బొమ్మ. జీవుల విసర్జనల నుంచి అమ్మోనియా అని రాసి బాణం గీశాను. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది అని రాశాను. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది అని రాయబోయి సుద్దముక్క బోర్డు మీదే ఆపేశాను. మొదటి బెంచీ అమ్మాయి, "సార్, చెయ్యి నొస్తుందా?" అంది. "నొస్తుందమ్మా," అన్నాను.

చేప విసర్జనలో పుట్టే విషం అమ్మోనియా. దాన్ని తిని హాని లేకుండా చేసే బాక్టీరియా స్పాంజికీ, రాళ్లకూ, అద్దాలకూ జిగటలా పట్టుకుని ఉంటుంది. అది పెరగడానికి ఓ నెలన్నర పడుతుంది. నేను దాన్ని సబ్బుతో, ఉప్పుతో, మరిగే నీళ్లతో వారం వారం చంపాను. మూడు నాలుగు రోజుల్లో విషం పేరుకుని చేపలు చచ్చేవి. చచ్చాయని మళ్లీ కడిగేవాణ్ణి. మా బామ్మర్ది తన షాపులో రెండేళ్లు పెంచిన ఆ బాక్టీరియాను, అంటే తన దగ్గరున్న అన్నిటికంటే విలువైన సామానును, కొత్తది పక్కన పెట్టి మరీ అక్క ఇంటికి తెచ్చి బిగించాడు. తోడు అని చెప్పాడు కూడా. పెరుగు తోడుకోవడమంటే ఏమిటో ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆ మాట అర్థం కాలేదంటే, అర్థం కాక కాదు. చెప్పింది వాడు కాబట్టి.

ఇంటికి పోకుండా అటు నుంచి అటే కోదాడ బస్సెక్కాను. షాపులో కొనేవాళ్లెవరూ లేరు. బామ్మర్ది ఒక తొట్టిలోకి వంగి పిల్లచేపలను వేరు చేస్తున్నాడు. "రండి బావగారూ," అని స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. ఆ స్పాంజిని మొదటి రోజే సబ్బుతో కడిగానని చెప్పాను. వాడు తల కూడా ఎత్తలేదు.

"తెలుసండి. రెండోసారి వచ్చినప్పుడే చూశాను. తెల్లగా ఉంది."

"మరి చెప్పలేదేంది?"

"మూడుసార్లు చెప్పాను. ఇంకెన్నిసార్లు చెప్పాలండి, బావగారికి?"

మిర్యాలగూడ మాట ఎత్తాను. తప్పు చేశానన్నాను. పరాచికం పేరు పెట్టుకుని నీ అన్నంలో మన్ను కొట్టానన్నాను. వాడు వల పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "ఆ మడిగెలో ఇప్పుడు సెల్ కవర్లు అమ్ముతున్నారు. మొన్న అటు పనుండి పోయి నేనూ ఒకటి కొన్నాను. బాగుంది," అని జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. నీలంరంగు కవరు. దాన్ని ఏం చేయాలో తెలియక నేను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ ఇచ్చాను. ఇప్పుడే పోయి మిల్లాయనతో మాట్లాడతానన్నాను. చుట్టాలందరినీ కూర్చోబెట్టి తప్పు ఒప్పుకుంటానన్నాను. వాడు ఆ పూటలో మొదటిసారి నవ్వాడు. "మళ్లీ కడుగుతారా బావగారూ? కొన్నాళ్లు వదిలేయండి."

నేను వినలేదు. వింటే నేనెందుకవుతాను? మర్నాడే సెలవు పెట్టి మిర్యాలగూడ పోయాను. మిల్లాయన ఆఫీసులో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఊక వాసన మధ్య నేను నత్రజని చక్రమంతా ఆయనకు వివరించాను. ఓపికగా విన్నాడు.

"మంచిగ సమజైంది సార్," అన్నాడు. "కాకుంటే మడిగె ఐదేండ్లకు రాసిచ్చిన. ఆ పిలగాడు మంచోడే అని నాకూ అనిపించింది. గని మీరే అంటిరి. అక్క మొగడే గట్లంటే నేనే ధైర్యంతోని ఇయ్యాలె?"

"అది పరాచికం," అన్నాను.

"అవ్ సార్. నవ్వుకుంట అన్నరు. కోపంతోని అంటే ఏమో కొట్లాడుకున్నరు అనుకుందును. నవ్వుకుంట అంటే నిజమే అనుకుంటరు ఎవలైనా."

ఆ చాయ్ ఎట్లా తాగానో నాకు గుర్తులేదు.

ఆ తర్వాత నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. ఆ పిన్నమ్మ కూతురింట్లోనే పిల్ల పుట్టెంట్రుకల పండక్కి, అదే చుట్టాల మధ్య, పళ్లెం పట్టుకుని నిలబడి, చేపలను చంపింది నేనేననీ, మావాడు పెట్టింది పాత సామాను కాదనీ చెప్పాను. నవ్వకుండా చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ జోకు గుర్తున్నవాళ్లు ఇది కూడా జోకేననుకుని నవ్వారు. బామ్మర్దికి పెళ్లయింది, కాస్త ఆలస్యంగా. ఆ కోదాడ షాపునే నెట్టుకొస్తున్నాడు. మిర్యాలగూడలో మళ్లీ ప్రయత్నించలేదు. మా ఇంటికి వస్తాడు, చేపలు తెస్తాడు, తొట్టి చూసి, "నీళ్లు బాగున్నాయి బావగారూ," అని పోతాడు. పరాచికం నేను ఆడను, వాడు ఎదురు చూడడు. పండగల్లో మిగతా బావాబామ్మర్దులు ఒకరినొకరు ఏడిపించుకుంటుంటే మేమిద్దరం ఆసుపత్రి వరండాలో పరిచయమైనవాళ్లలా వర్షాల గురించి మాట్లాడుకుంటాం.

పొద్దున చనిపోయింది ఆనాటి ఏంజెల్ చేపే. వాడు మొదటి రోజు తెచ్చిన జతలో ఒకటి. టబ్బు వదిలేశాక వాడికే ఫోన్ చేశాను. మిగిలినవి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా అని అడిగాడు, లేదన్నాను. మొప్పలు ఎర్రబడ్డాయా అన్నాడు, లేదన్నాను.

"అయితే వయసైపోయింది, అంతే. ఏమీ చేయకండి. టబ్బు లోపల పెట్టేయండి."

"టబ్బు సంగతి నీకెట్ల తెలుసు?"

"అక్క ఇప్పుడే మెసేజ్ పెట్టింది."

వంటింటి వైపు చూశాను. మా ఆవిడ చాయ్ వడపోస్తోంది, చాలా శ్రద్ధగా. ఫోన్లో వాడు నవ్వుతున్నాడు. "అది మీ చేతిలో ఇన్నేళ్లు బతకడమే గొప్ప బావా," అన్నాడు. అని, తను ఏమన్నాడో వినపడినట్టు ఒక్క క్షణం ఆగాడు. ఏదో ఒకటి అనాలని నాలుక దాకా వచ్చింది, ఆ మాటను పట్టుకుని, తుడిచి, మెరిపించి, మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాలని. అనలేదు. మేత అయిపోవస్తోందని మాత్రం చెప్పాను. ఆదివారం తెస్తానని పెట్టేశాడు.

చేపను కరివేపాకు చెట్టు మొదట్లో పాతి వచ్చేసరికి అమ్మ ఇంకా అక్కడే కూర్చుంది. "కడగవా కొడుకా?" అంది. కడగనన్నాను. "నీ ఇష్టం. పదకొండున్నయి," అని చాయ్ గ్లాసు అందుకుంది. నేను కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీళ్లు ఊరడానికి నెలన్నర పడుతుందని మా బామ్మర్ది మొదటి రోజే చెప్పాడు. మనుషుల మధ్య ఎంత పడుతుందో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగేళ్లు పట్టింది, మళ్లీ ఈ ఒక్క 'బావా'కు. ఇంకెంత పడితే అంత పట్టనిమ్మని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను.